బియ్యం నిండుకున్నాయి, దీపం కొండెక్కింది, మరి నాన్నకేమైంది?

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా అమ్మ వంటింట్లోంచి కేకేసింది. "బియ్యం నిండుకున్నాయే, సావిట్లోంచి ఇంకో బస్తా తెప్పించు." పక్కనే ఉన్న నా కూతురికి పదేళ్ళు. పుట్టిందీ పెరిగిందీ హైదరాబాదులోనే. అది వెళ్ళి బియ్యం డ్రమ్ము మూత ఎత్తి, లోపలికి తల దూర్చి చూసింది. అడుగున గుప్పెడు నూకలు, వాటి మీద బోర్లాపడ్డ తవ్వ.

"అమ్మమ్మా, నిండలేదు. ఖాళీగా ఉంది."

"అలా అనకూడదమ్మా. లక్ష్మీదేవి వింటుంది."

"వింటే వింటుంది. డ్రమ్ము ఖాళీ అని ఆవిడకి తెలీదా?"

మా అమ్మ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. నవ్వేసి ఊరుకున్నాం. అయితే ఆ పిల్ల అడిగింది తిరుగు ప్రయాణంలో రావులపాలెం దాటేదాకా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. దేవతకి తెలుసు, వండే మనిషికి తెలుసు, తినేవాళ్ళకి తెలుసు. అందరికీ తెలిసినదాన్ని తిరగేసి చెప్పడం ఎందుకు?

మాది కోనసీమ. వైనతేయ పాయ ఒడ్డున, అమలాపురానికి బస్సులో అరగంట. మా ఇంట్లో పెరిగినవాళ్ళకి రెండు తెలుగులు వస్తాయి, పైకి అనేది ఒకటి, లోపల అర్థం చేసుకునేది ఒకటి. దీపం ఆరదు, కొండెక్కుతుంది. సూత్రం తెగదు, పెరుగుతుంది. గాజూ అంతే. కడుపుతో ఉన్న పిల్ల "వట్టిమనిషి కాదు". ఊళ్ళో పెద్దవాళ్ళెవరూ చావరు, కాలం చేస్తారు. సాయంత్రం పూట తూలుకుంటూ వచ్చే మావయ్య తాగడు, "కాస్త పుచ్చుకుంటాడు". గుమ్మం దిగేవాళ్ళు "వెళ్తున్నా" అని నోరు జారితే మా మామ్మ వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, "వెళ్ళొస్తాను" అని అనిపించుకుని మరీ పంపేది. దానివల్ల మా బాబయ్య ఒకసారి రాజోలు బస్సు తప్పిపోయాడు కూడా.

ఇదంతా చాదస్తమని కొట్టిపారేసేవాళ్ళు మా ఆఫీసులో ఉన్నారు. ఉన్నదున్నట్టు అనలేని జాతి బాగుపడదంటారు. నాకు ఆ మాట ఒప్పుదల కాదు. పాము సంగతే చూడండి. లంకల్లో రాత్రిపూట పాము పేరెత్తరు, "పురుగు" అంటారు. ఎవరికైనా కరిస్తే "పురుగు ముట్టింది" అని కేక వినబడుతుంది. ఆ కేక విని ఎవరూ చీమకుట్టిందనుకుని పసుపు రాయబోరు. ఒకడు బ్యాటరీలైటు పట్టుకుని పరిగెడతాడు, ఒకడు మోటారుసైకిలు తీస్తాడు. పనేదీ ఆగదు. మంచం మీద ఉన్న చిన్నపిల్లలు మాత్రం నిద్రలేచి ఏడవరు. మాట మెత్తబడినా చెప్పాల్సింది చెప్పేసింది. ఇందులో మోసం ఎక్కడుంది?

మన పాత అలంకారశాస్త్రం వాళ్ళు దీన్ని బాగానే పట్టుకున్నారు. కావ్యంలో ఉండకూడని దోషాల్లో అశ్లీలం ఒకటి. మనం ఆ మాటకి బూతు అని ఒక్క అర్థమే పెట్టుకున్నాం గానీ వాళ్ళు మూడు రకాలు చెప్పారు: వ్రీడ, జుగుప్స, అమంగళం. సిగ్గు పుట్టించేది, రోత పుట్టించేది, అశుభం తోపించేది. మా మామ్మ దాచిన మాటలన్నీ ఈ మూడు బుట్టల్లో సరిగ్గా పడతాయి. ఆవిడ ఆ శాస్త్రం రాసినవాళ్ళలో ఒకడైన మమ్మటుడి పేరు వినలేదు. "శుభం పలకరా మంకెన్నా అంటే పెళ్ళికూతురు ముండ ఎక్కడ అన్నాట్ట" అన్న సామెత మాత్రం వారానికి రెండుసార్లు, ఎక్కువగా మా నాన్న మీద, ప్రయోగించేది.

ఆ సామెతలో ఉన్న మాట గురించి ఒక్క క్షణం ఆగాలి. మా మామ్మకి ముప్పై నిండకుండానే తాతయ్య పోయాడు. ఆవిడ ముందు ఆ సంగతి ఎత్తాల్సి వస్తే ఇంట్లో అందరూ "మామ్మకి అలా అయ్యాక" అనేవారు. ఎలా అయ్యాక? అలా. అదే మామ్మ మనవల్ని రోజుకి పదిసార్లు ముద్దుగా "ఓరి వెధవా" అనేది. వెధవ అంటే విధవ. తన పేరునే తిట్టుగా మార్చి లోకం తన నోట్లో పెడితే, ఆవిడ దాన్నే ముద్దుచేసి మా మీద చల్లేది. ఈ సంగతి నాకు కాలేజీలో గానీ వెలగలేదు. వెలిగాక ఆవిడతో అనబుద్ధి కాలేదు.

మా గోదావరికి ఎగువనున్న రాజమండ్రిలోనే 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం చేయించారు. విధవ అనే బదులు వితంతువు అంటే గౌరవమని తరవాతి రోజుల్లో ఆ మాట స్థిరపడింది. కొన్నాళ్ళకి అదీ పుల్లబడింది. ఇప్పుడు ఫారాల్లో "ఒంటరి మహిళ" కూడా కనిపిస్తోంది. అదెన్నాళ్ళు నిలుస్తుందో చూడాలి. పంతులుగారు మాట మారుస్తూ కూర్చోలేదు, పెళ్ళి చేశారు. మాట పుల్లబడేది దాని కింద ఉన్న సంగతి మారనప్పుడే. గుడ్డీ కుంటీ అనకూడదని వికలాంగులన్నారు, సరే, కావలసిన మార్పే. వికలాంగులు బాగాలేదని దివ్యాంగులన్నారు. మన రాష్ట్రంలో శాఖకి ఏకంగా "విభిన్న ప్రతిభావంతులు" అని పేరు పెట్టారు. ఆ సర్టిఫికెట్టు పనిమీదే మా వీధి కుర్రాణ్ణి తీసుకుని ఒక ఆఫీసుకి వెళ్ళాను. కాగితాలు తీసుకునే గది మేడమీద ఉంది. పోలియో కాలితో ఆ ప్రతిభావంతుడు పద్దెనిమిది మెట్లు చేతుల మీద ఎక్కాడు. గుమ్మం పైన బోర్డు మాత్రం కొత్తగా రాయించారు, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

గోదావరి వాళ్ళకి మెత్తటి మాట మీద ఇంకో హక్కు కూడా ఉంది, అది చెప్పకపోతే మావాళ్ళు ఊరుకోరు. "ఆయ్", "అండి" తగిలించి మేం తిట్టినట్టు ఎవరూ తిట్టలేరు. ఒక పెళ్ళిలో ఆడపెళ్ళివారు విస్తట్లో పూతరేకులు వడ్డించడం మరిచిపోయారు. మగపెళ్ళివారి తరఫు పెద్దాయన చెయ్యి కడుక్కుంటూ, "ఆత్రేయపురం నుంచి తెప్పించారటండి, ఎంత పల్చగా చేశారండీ బాబూ, విస్తట్లో అసలు కనపడలేదండి" అన్నాడు. ఆడపిల్ల తండ్రి మొహం ఎర్రబడింది. నింద పైకి కనపడకుండా పొగడ్త తొడిగితే వ్యాజస్తుతి అని అలంకారికులు పేరు పెట్టారు. మేం వెటకారం అంటాం. కాబట్టి మృదువుగా మాట్లాడేవాళ్ళు మృదువైన మనుషులని మీరెవరైనా అనుకుంటే, ఒకసారి మా వైపు భోజనానికి రండి.

సరే, అసలు సంగతికొస్తాను.

వేసవి చివర మహారాష్ట్రలోనూ తెలంగాణలోనూ వానలు పడ్డాక మా ఏటికి ఎర్రనీరు వస్తుంది. ఊళ్ళో ఎవరూ "వరద వచ్చింది" అనరు, "గోదారి వచ్చింది" అంటారు, చుట్టం వచ్చినట్టు. ఇంకాస్త పెరిగితే "గోదారమ్మ పొంగింది". ఆడవాళ్ళు పసుపూ కుంకుమా రవికెలగుడ్డా తీసుకెళ్ళి ఇస్తారు. ఇంత మెత్తదనం ఎక్కడా చూడం. అయితే ఆ పక్కనే ఇంకో ప్రశ్న ఉంటుంది: "ధవళేశ్వరం ఎంతట?" కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట కట్టి డెల్టాకి అన్నం పెట్టాడు, ఇప్పుడున్న బ్యారేజీ దాని తరవాతది. అక్కడి నీటిమట్టమే మా లంకల జాతకం. 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, అంటే పది లక్షల క్యూసెక్కుల నీరు కిందికొస్తోందని లెక్క. 13.75 అయితే రెండోది. 17.75 అయితే మూడోది. "పదమూడు ముప్పావట" అని ఒకరంటే చాలు, గొడ్లని గట్టుమీదికి తోలేస్తారు, గింజలు అటకెక్కిస్తారు. 1986 ఆగస్టు చూసినవాళ్ళు ఇప్పటికీ ఊళ్ళో ఉన్నారు. 2022 జులైలో మూడో హెచ్చరిక ఎగరేసినప్పుడు మా అన్నయ్య ఫోన్లో "గోదారమ్మ ఇంటికొచ్చిందే" అని నవ్వాడు. ఎంత అని అడిగితే అంకె చెప్పాడు. వీధి అరుగు మీదికి ఎన్ని జానలు వచ్చిందో కూడా చెప్పాడు.

నా కూతురు ప్రశ్నకి జవాబు నాకు ఇక్కడ దొరికింది. గోదారమ్మ అనొచ్చు, నిండుకున్నాయనొచ్చు, పురుగు అనొచ్చు. వెనకాల రెండో మాట ఉంటే చాలు. ఎవరైనా తిరిగి అడిగినప్పుడు ఆ రెండో మాట నోట్లోంచి రావాలి. "నిండుకున్నాయా, అంటే అయిపోయాయా?" "ఆ, అయిపోయాయి, తెప్పించు." అంతే. తిరిగి అడిగితే తేలే మాట మర్యాద. ఎంత అడిగినా తేలని మాట దగ్గర నాకు అనుమానం మొదలవుతుంది.

ఆ లెక్కన చూస్తే మా ఇంటి మాటలు కూడా అన్నీ నెగ్గవు.

నా చిన్నప్పుడు అమ్మ నెలకి మూడురోజులు వెనక వసారాలో కూర్చునేది. ఏమైందంటే "కాకి ముట్టింది" అనేవారు. ఏ కాకి? ఎక్కడ ముట్టింది? మళ్ళీ ఎందుకు ముట్టింది? అడిగితే "నీకెందుకు, ఫో". నేను పెరట్లో రాళ్ళు పోగేసుకుని కాకుల్ని తోలేదాన్ని, మా అమ్మ జోలికి రాకుండా. పన్నెండో ఏట నా వంతు వచ్చినప్పుడు నాకేదో పెద్ద జబ్బు చేసిందనుకుని లంగా గడ్డిమేటులో దాచాను. ఒక పగలంతా చచ్చిపోతాననే అనుకున్నాను. మర్నాటికి నన్ను కొబ్బరాకుల చాప మీద కూర్చోబెట్టి, చిమ్మిలి ఉండలు పంచి, వీధివీధంతా పేరంటానికి పిలిచారు. ఊరందరికీ చాటింది నా ఒక్కదానికి చెప్పలేదు. ఆ కాకి మాట నా సిగ్గుని కాపాడటానికి పుట్టిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పెద్దవాళ్ళు తమ సిగ్గు కాపాడుకున్నారు.

ఇక మా నాన్న.

ఆయనకి లంక పొగాకు చుట్ట అలవాటు. ఎనిమిదేళ్ళ కిందట గొంతు బొంగురుపోయింది. మొదట దగ్గు మందన్నారు, తరవాత కాకినాడ తీసుకెళ్ళారు. పరీక్షలయ్యాక డాక్టరు అన్నయ్య ఒక్కణ్ణే లోపలికి పిలిచి చెప్పాడు. నాన్న బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. జబ్బు ఆయనది, గొంతు ఆయనది, కబురు మాత్రం అన్నయ్యకి. అన్నయ్య బయటికొచ్చి "గొంతులో చిన్న పుండట నాన్నా, కరెంటు పెడితే మానిపోతుందట" అన్నాడు. ఆ చిన్న పుండు మా ఇంట్లో ఏడు నెలలుంది. క్యాన్సరు అన్న మాట మా గుమ్మం లోపల ఒక్కసారి కూడా పలకలేదు. వెనకటివాళ్ళు రాచపుండు అనేవారు, కనీసం అందులో రాచ అని ఒక భయమైనా ఉండేది. మేం దాన్ని చిన్నది చేసేశాం.

నాకు హైదరాబాదు ఫోనొచ్చింది. "నాన్నకి కాస్త నలతగా ఉందే. వీలు చూసుకుని ఓసారి రా." మా ఇళ్ళల్లో "వీలు చూసుకుని రా" అంటే ఉన్నపళంగా బయల్దేరమని. ఆ సంగతి నాకు తెలుసు, ఆ భాషలోనే పెరిగాను. అయినా పిల్లకి జ్వరం, ఆఫీసులో ఆడిటు. కాస్త, నలత, వీలు, మూడు మాటల్లో ఒక్కదానికీ తొందర లేదు. నాకు అనుకూలంగా ఉంది కాబట్టి పైమాటనే పట్టుకున్నాను. నేను వెళ్ళేసరికి పదిహేను రోజులు దాటింది. అప్పటికి నాన్నకి మాట పోయింది. పలకమీద రాసి చూపించేవాడు. ఆయన రాసిన మొదటి మాట "భోంచేశావా".

తప్పు అన్నయ్యదని నేను అనను. వాడు మోయలేనిది వాడి నెత్తిన పెట్టారు. తెలిస్తే ధైర్యం చెడుతుందని డాక్టరు కూడా సలహా ఇచ్చాడట. అప్పట్లో నేనూ సరే అనేదాన్నేమో.

మాట పోకముందు, మందులు వాడుతున్న రోజుల్లో, నాన్న అంబాజీపేట వెళ్ళి ఇరవై కొబ్బరి మొక్కలు తెచ్చాడు. గోదావరి గంగ రకం. తుపానుకి పడిపోయిన చెట్ల చోట గోతులు తీయించి, ఉప్పూ బూడిదా పోయించి, దగ్గరుండి నాటించాడు. అన్నయ్య పక్కన నిలబడి ఏడుపు ఆపుకుంటూ నీళ్ళు పోశాడు. పాపం, ఆయనకి తెలీదు, కాపుకొచ్చేదాకా ఉంటాననుకుంటున్నాడు, అని మేం అందరం ఒకరితో ఒకరం గొంతు తగ్గించి చెప్పుకున్నాం.

పదకొండో రోజున మా తోటలో దింపు తీసే మనిషి వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా మా చెట్లెక్కుతున్నవాడు. భోజనం చేసి, చెయ్యి తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చి అన్నాడు. "అమ్మాయిగోరూ, ఆ కుర్ర మొక్కలు నాటిన్నాడే నాన్నగోరు నాతో అన్నారండి. ఒరే, వీటి కాయ నేను సూడన్రా, అబ్బాయిగోరు దింపిత్తారు, నువ్వు తప్పకుండా రావాల అన్నారండి. ఆయ్. మీతో సెప్పలేదాండి?"

చెప్పలేదు. మేం అడగలేదు. ఆయనకి తెలుసు, మాకు తెలుసు, ఆయనకి తెలుసని మాకు మాత్రం తెలీదు. మమ్మల్ని నొప్పించకూడదని ఆయన మా చిన్న పుండుని పాడవకుండా కాపాడుతూ వచ్చాడు. చెప్పుకోవాల్సింది చెట్టెక్కేవాడితో చెప్పుకున్నాడు. అందరికీ తెలిసుంటే మెత్తటి మాటలో మోసం లేదని పైన పాము దగ్గర నేను వాదించాను కదా. ఆ వాదం ఇక్కడ విరిగిపోయింది. అందరికీ తెలిసిన చోట కూడా ఒక మాట అందరి నోళ్ళూ కట్టేయగలదు. తెలియడం చాలదు, ఎవరో ఒకరు రెండో మాట అనగలగాలి. ఆ ఏడు నెలల్లో ఏదో ఒక సాయంత్రం "నాన్నా, అది పుండు కాదు కదా" అని నేనో అన్నయ్యో అనుంటే, ఆయన ఏమనేవాడో తెలీదు. బహుశా ముందు మమ్మల్నే ఓదార్చేవాడు. కానీ మొక్కల సంగతి మాతో చెప్పుకునేవాడు.

ఇది ఇంటి కథ. ఇంట్లో కనీసం ప్రేమ ఉంది, తెలివి తక్కువైనా. రెండో మాట కావాలని మింగేసే చోట్లు వేరే ఉన్నాయి.

మా పిన్ని కూతురికి భీమవరం వైపు సంబంధం వచ్చింది. పెళ్ళిచూపుల్లో మగపిల్లాడి తండ్రి రెండు చేతులూ జోడించి, "మాకు కట్నాల ఆశ లేదండి. మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం. లాంఛనాలు మాత్రం పద్ధతి ప్రకారం జరిగితే చాలండి" అన్నాడు. మా బాబయ్య కాస్త మొండిమనిషి. "లాంఛనాలంటే ఎంతండి?" అన్నాడు. గదిలో ఎవరో పెళుసుగా దగ్గారు. ఆయన చెవులు మూసుకున్నంత పని చేసి, "అయ్యయ్యో, బేరం ఏంటండి, చుట్టరికం కదండి" అన్నాడు. కాఫీలు తాగారు, జీడిపప్పు పాకం బాగుందన్నారు, కారెక్కారు. పెళ్ళిళ్ళ మధ్యవర్తి మాత్రం గేటు దగ్గర వెనకబడి, చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగి, బాబయ్యతో అన్నాడు: "ముప్పై. కాలవ గట్టున అరెకరం. ఆడపడుచుకి వేరే."

చూశారా, రెండో మాట ఉంది. గదిలో లేదు, గేటు దగ్గర ఉంది. అడిగిన నోటి నుంచి రాదు, అద్దెనోటి నుంచి వస్తుంది. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. అరవై ఏళ్ళు దాటినా మన ఇళ్ళల్లో అది సాధించిందల్లా కట్నం అన్న మాటని గేటు దాకా గెంటడం. మామూలు అన్న మాట కూడా అలాంటిదే. లంచాన్ని "మామూలు" అన్నవాడు గొప్ప భాషావేత్త. తీసుకునేవాడికీ ఇచ్చేవాడికీ అందులో తప్పేదీ తగలదు, రోజూ పొద్దు పొడిచినట్టే.

అలంకారికుల మూడు బుట్టల్లో ఇవి పడవు. కరెంటు బిల్లులో వచ్చే "సర్దుబాటు ఛార్జీ" సిగ్గు పుట్టకుండా పెట్టింది కాదు, రోత పుట్టకుండానూ కాదు. "ఛార్జీల సవరణ" ఎప్పుడూ కిందికి సవరించదు. బడుల "హేతుబద్ధీకరణ" అంటే ఏమిటని మా ఊళ్ళో ఒకావిడ సభలో అడిగితే, హేతుబద్ధంగా చేయడమమ్మా అన్నారు. ఆవిడ మనవడు మర్నాటి నుంచి కాలవ దాటి రెండు కిలోమీటర్లు నడిచాడు, అప్పుడు అర్థం తెలిసింది. పాము విషయంలో మెత్తటి మాట వినేవాడి గుండె కోసం. ఇక్కడ అనేవాడి కుర్చీ కోసం. నాలుగో బుట్ట ఒకటి కావాలి, దానికి సంస్కృతంలో పేరు పెట్టే ఓపిక నాకు లేదు.

పత్రికల వాళ్ళనీ వదలను. ఒళ్ళు మండి పురుగుల మందు తాగిన కౌలు రైతుకి "కడుపునొప్పి తాళలేక" అని రాసే అలవాటు వాళ్ళది. ఇన్ని కడుపునొప్పులు ఒక్క కౌలుదారులకే ఎందుకొస్తాయని అడిగినవాళ్ళు లేరు. గల్లంతు అన్న మాట మీద మాత్రం నాకు గౌరవం ఉంది. 1996 నవంబరు 6 తుపాను రాత్రి మా తీరంలో, భైరవపాలెం వైపు, సముద్రం మీదున్న వేటగాళ్ళు ఎంతోమంది తిరిగి రాలేదు. పేపర్లలో "గల్లంతు" అని పడింది. అక్కడ అది నిజం, ఎవరికీ తెలీదు కాబట్టి. తెలీని చోట తెలీదనడం మెత్తదనం కాదు, నిజాయితీ. ఏడేళ్ళపాటు జాడ తెలియనివాణ్ణి చనిపోయినట్టుగా భావించవచ్చని మన సాక్ష్య చట్టం చెబుతుంది. ఆ ఏడేళ్ళూ ఇంటావిడ బొట్టు పెట్టుకోవాలో వద్దో మాత్రం ఏ చట్టమూ చెప్పదు.

మెత్తటి మాట ఎప్పుడూ బలవంతుడిదేనని కూడా అనలేం. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు నాట్లు వేయకుండా పొలాలు బీడు పెట్టారు. సమ్మె అనలేదు, బంద్ అనలేదు. "పంట విరామం" అన్నారు, క్రాప్ హాలిడే. అన్నం పెట్టే డెల్టా సెలవు తీసుకుందట. వినడానికి ఎంత సాధువుగా ఉందో! మా నాన్న కూడా ఆ ఏడు నాలుగెకరాలు ఎండగట్టాడు. ఎవరైనా వచ్చి ఎందుకని అడిగితే అరుగు మీద కూర్చోబెట్టి చెప్పేవారు: గిట్టుబాటు ధర లేదు, కూలి రేట్లు అందడం లేదు, మురుగు కాలవలు పూడిపోయి చిన్న వానకే చేను మునుగుతోంది. ఒక్క ప్రశ్నకి మూడు జవాబులు. మాట సెలవు, వెనకాల లెక్క ఉంది.

మా బళ్ళో గోడమీద "సత్యం బ్రూయాత్ ప్రియం బ్రూయాత్ న బ్రూయాత్ సత్యమప్రియమ్" అని పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. నిజం చెప్పు, ప్రియంగా చెప్పు, అప్రియమైన నిజం చెప్పకు. కాకినాడ డాక్టరు దగ్గర్నుంచి పెళ్ళికొడుకు తండ్రి దాకా అందరికీ ఇది కంఠతా వచ్చు. మనుస్మృతిలోది, ఆ పుస్తకంతో నాకున్న తగాదాలు వేరే. నన్ను ఆశ్చర్యపరిచింది ఏమిటంటే గోడమీద చోటు చాలక ఆపేసిన మూడో పాదం. "ప్రియం చ నానృతం బ్రూయాత్." ప్రియమే అయినా సరే, అబద్ధం చెప్పకు. శ్లోకంలో సగం రాసి సగం వదిలేస్తే అది సలహాగా కాక సాకుగా మిగులుతుంది. మా తెలుగు మాస్టారు ఆ రెండో సగం ఒక్కసారి కూడా చెప్పలేదు. గోడకి సున్నం కొట్టించినప్పుడల్లా మొదటి సగాన్నే మళ్ళీ రాయించేవారు.

ఈ సంక్రాంతికి వెళ్ళిన పనుల్లో ఒకటి అమ్మ రిపోర్టులు. కాళ్ళు వాస్తున్నాయని అన్నయ్య పరీక్షలు చేయించి ఉంచాడు. నేనూ వాడూ డాక్టరుతో మాట్లాడాం, ఈసారి ఇంకో డాక్టరు, ఓపికున్నమనిషి. ఇంటికొచ్చేసరికి అమ్మ అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఏమన్నాడే?"

"ఏం లేదమ్మా, కాస్త..." అని మొదలెట్టాను. కాస్త దగ్గర నా నోరు ఆగింది. అన్నయ్య నా వంక చూశాడు. అమ్మ చిక్కుడుకాయ చేతిలో పట్టుకునే, "అడుగుతున్నా కదే" అంది.

చెప్పాను. రెండు కిడ్నీలూ సగానికి పైగా పని మానేశాయి. మందులున్నాయి. బాగుచేయలేరు గానీ ఉన్నదాన్ని నిలబెట్టొచ్చు. నెలకోసారి రక్తపరీక్ష.

"మిగతా సగం ఎన్నాళ్ళు పనిచేస్తుంది?"

"ఆయనకీ తెలీదట. ఉప్పు తగ్గిస్తే ఎక్కువ రోజులట."

ఇంకో నాలుగు కాయలు ఒలిచింది. గింజలు చేటలో పడిన చప్పుడు వినబడుతోంది.

"ఆవకాయ?"

"మానెయ్యాలి."

"మాగాయ?"